అరవని తల్లికే హాల్‌టికెట్

కోపం పిల్లకు వస్తే మందు తల్లికి పట్టించాలని ఆ కాలేజీ కనిపెట్టింది. ఇంత గొప్ప వైద్యం దేశంలో ఇంకెక్కడా లేదని డైరెక్టర్ నరహరిరావు స్వయంగా చెప్పాడు. ఆయన చెప్పాక నమ్మకపోవడానికి మనమెవరం? ఆయన మాట ఊళ్లో ప్రతి కరెంటు స్తంభానికీ ఫ్లెక్సీ అయి వేలాడుతోంది.

అసలు సంగతి చిన్నది. దూస భూలక్ష్మి బిడ్డ రవళి ఇంటర్ రెండో ఏడు. ఒక శనివారం పరీక్ష రాస్తూ రాస్తూ లేచి నిలబడి, చేతిలో ఉన్న అట్టను విసిరికొట్టింది. అట్ట పోయి గోడమీది ర్యాంకుల ఫ్లెక్సీకి తగిలింది. ఆ ఫ్లెక్సీలో ర్యాంకులు తెచ్చిన పిల్లల మొహాలు గోరంత ఉంటాయి, ర్యాంకులు అమ్ముకునే డైరెక్టర్ మొహం గుమ్మడికాయంత ఉంటుంది. కళ్లు మూసుకుని విసిరినా దేనికి తగులుతుందో చెప్పడానికి లెక్కల సారు అక్కర్లేదు. ముక్కు దగ్గర చిరిగింది.

కబురు అందేసరికి భూలక్ష్మి ఇంటి ముందు షెడ్డులో నూలు కండెలు చుడుతోంది. అది మరమగ్గాల ఊరు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. జుట్టుకు అంటుకున్న దూది పోగులు కూడా దులుపుకోకుండా ఆమె కాలేజీకి ఉరికింది. బిడ్డ అప్పటికే సంచి సర్దుకుని, కళ్లు ఎర్రగా చేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. డైరెక్టర్ గదిలోకి తల్లిని మాత్రమే రమ్మన్నారు.

"చూడమ్మా," అన్నాడు నరహరిరావు. "మా సంస్థ విద్యార్థులపై చర్య తీసుకోదు. అది పాతకాలపు పద్ధతి. మేము మూలాల్లోకి వెళ్తాం. విద్యార్థినిలోని ఆగ్రహ ప్రవృత్తికి మూలం గృహ వాతావరణం. కనుక చర్య మీపై తీసుకుంటున్నాం."

"నా మీదనా? నేనేం జేసిన సారూ?"

టేబుల్ మీది గాజుగ్లాసు మూత చిన్నగా మోగింది. డైరెక్టర్ పక్కన కూర్చున్న ఆవిడ వైపు తిరిగాడు. "విన్నారా మేడమ్? రోగం దొరికింది."

పాపం, ఆమె అరవలేదు. మాట్లాడింది అంతే. పుట్టింది సాంచాల చప్పుడులో, పెళ్లయి వచ్చింది సాంచాల చప్పుడులోకి. ఆ వాడలో అన్నం తినమని చెప్పాలన్నా, ముద్దు చేయాలన్నా, అప్పుడే పుట్టిన పసిగుడ్డుకు జోల పాడాలన్నా మగ్గాన్ని మించి గొంతు లేపాల్సిందే. అక్కడ గొంతు తగ్గించి మాట్లాడేది ఒకే ఒక్కప్పుడు. ఇంట్లో చెప్పరానిదేదో జరిగి, పిల్లలకు తెలియకుండా దాచాల్సి వచ్చినప్పుడు.

ఇదంతా రోగనిర్ధారణకు అనవసరం. పక్కన కూర్చున్న ఆవిడ పేరు కుముదిని. హోదా ప్రశాంత పోషకత్వ సలహాదారు. ఆమె నవ్వు తగ్గకుండా లేచి వచ్చి, భూలక్ష్మి చేతికి గడియారంలాంటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి కట్టింది. పట్టీలో పచ్చలైటు వెలిగింది.

"దీని పేరు శాంతిపట్టీ అమ్మా. మీ గొంతు హద్దులో ఉంటే పచ్చ. హద్దు దాటితే ఎరుపు. సమాచారం ఎప్పటికప్పుడు నా ఫోనుకు చేరుతుంది. చివర్లో మదింపు ఉంటుంది. అందులో ఉత్తీర్ణులైన తల్లిదండ్రుల పిల్లలకే హాల్‌టికెట్."

"పరీక్ష రాసేది నా బిడ్డ గదా మేడం?"

పట్టీ ఎర్రగా వెలిగింది. కుముదిని తల పంకించింది. "చూశారా, అప్పుడే!"

భూలక్ష్మి నోరు మూసుకుంది. హాల్‌టికెట్ లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే ఏడాది పోతుంది. ఆ ఏడాది బిడ్డ కండెల రాట్నం ముందు కూర్చుంటే మళ్లీ లేవదని ఆమెకు తెలుసు. "ఈ ఒక్క ఏడే" అనుకుని తనూ ఒకప్పుడు అట్లాగే కూర్చుంది.

*

శిక్షణ కాలేజీ సెమినార్ హాల్లో. కోపం వచ్చిన పిల్లలు బయట చెట్టుకింద, కోపం రాకూడని పెద్దలు లోపల ఏసీలో. పెద్దల్లో బీడీలు చుట్టేవాళ్లున్నారు, ఆటో నడిపేవాళ్లున్నారు, ఐలయ్య అనే హెడ్ కానిస్టేబుల్ కూడా ఉన్నాడు. ఉద్యోగంలో అరిచి అరిచి ఆయన గొంతు ఎప్పుడో బొంగురుపోయింది.

"మీ అబ్బాయి ఫోను నేలకేసి కొట్టాడు," అంది కుముదిని. "మీరేమంటారు?"

"ఎందుకు గొట్టినవ్ రా అని అడుగుత," అన్నాడు ఐలయ్య.

"తప్పు! ప్రశ్న అనేది దాడి. అందులోనూ 'ఎందుకు' అనే మాట లేత మనసుపై లాఠీ దెబ్బ వంటిది. ఆ మాటను మీ గృహాల నుంచి సమూలంగా నిర్మూలించాలి."

లాఠీ పేరెత్తేసరికి ఐలయ్య ముడుచుకుపోయాడు. భూలక్ష్మి ఉండబట్టలేక చెయ్యెత్తింది. "మరి ఎందుకు గొట్టిండో మనకెట్ల దెలుస్తది మేడం?"

"తెలుసుకోవడం మీ పని కాదమ్మా. ప్రశాంతంగా ఉండటం మీ పని."

తర్వాత మూడు ఆమోదిత వాక్యాలు వల్లె వేయించింది. నీ భావోద్వేగాన్ని గౌరవిస్తున్నాను. నీకు కొంత సమయం ఇస్తున్నాను. మనం ఊపిరి పీల్చుకుందాం. కోపం ఏ రకందైనా, కారణం ఏదైనా, ఈ మూడింటిలో ఒకటి అనాలి. నాలుగోది అనకూడదు. జరిగిన సంఘటన జోలికి పిల్లలు పోబోతే వెంటనే ఊపిరి పీల్పించాలి.

"ఇల్లు అంటుకుంటే గూడ గిదేనా మేడం?" అని ఎవరో వెనక నుంచి అడిగారు.

"అత్యవసర పరిస్థితుల్లోనే ఊపిరి మరింత దీర్ఘంగా పీల్చాలి."

"పొగనా?"

హాలంతా నవ్వింది. పట్టీలన్నీ ఎర్రబడ్డాయి. నవ్వు కూడా హద్దులో ఉండాలని కుముదిని అప్పటికప్పుడు ఒక నిబంధన చేర్చింది.

*

రెండో రోజు మధ్యాహ్నానికే కాలేజీ నుంచి ఫోను.

"భూలక్ష్మి గారూ, మీరు పొద్దున్నుంచీ నిరంతర ఆగ్రహంలో ఉన్నట్టు నమోదవుతోంది."

"నేను పొద్దుగాలకెంచి నోరే తెరువలే మేడం! అవి సాంచాలు. సాంచాల సప్పుడు!"

"యంత్రాలపై నెపం నెట్టడం ఆగ్రహానికి రెండో దశ అమ్మా. మూడో దశకు వెళ్తే హాల్‌టికెట్ విషయం నా చేతుల్లో ఉండదు."

భూలక్ష్మి ఫోను పెట్టేసి మొగుడి దగ్గరికి పోయింది. రాజమల్లు మగ్గం మీద తెగిన పోగు ముడివేస్తున్నాడు. సంగతి విని తల గోక్కున్నాడు.

"సాంచాలకు గూడ ఒక క్లాసు వెట్టుమనపోయినవా?"

"పరాష్కాలు ఆపు. పోరిది ఏడాది వోతది."

"అయితే ఏం జేద్దామంటవ్?"

"మదింపు అయ్యేదాక బంద్ వెడుదాం."

"కరెంటుండంగనా?" అన్నాడు రాజమల్లు. ఆ ఇంట్లో కరెంటు ఉండగా సాంచ ఆగడమంటే గుండె కొట్టుకోవడం ఆగినట్టు. అయినా బిడ్డ మొహం చూసి స్విచ్చి కట్టేశాడు.

ఇల్లు నిశ్శబ్దమైంది. పట్టీ పచ్చబడింది.

రవళికి ఆ నిశ్శబ్దం మింగుడుపడలేదు. వంటింట్లోకి వచ్చి తల్లి వెనక నిలబడింది. "అమ్మా, ఆ రోజు అఖిల ఉన్నది గదా..." అని మొదలుపెట్టింది.

సంఘటన జోలికి పోతోంది! భూలక్ష్మి గిన్నె దించేసి, గొంతు పాతాళానికి తొక్కి, "మనం ఊపిరి పీల్చుకుందాం" అంది.

"ఏందీ?"

"ఊపిరి... పీల్చుకుందాం."

"నీకేమైందే అమ్మా? గట్ల గుసగుస బెడుతున్నవేంది?"

"నీకు కొంత సమయం ఇస్తున్నాను."

రవళి తల్లిని ఎగాదిగా చూసింది. పళ్లెం నేలకేసి కొట్టింది. ఇంకో రోజైతే తల్లి చీపురు ఎత్తేది, పిల్ల గేటు దాకా ఉరికేది, అక్కడ్నుంచి ఇద్దరూ వాడంతా వినేలా కడిగేసుకుని, కాసేపటికి ఒకే పళ్లెంలో కలిపి తినేవాళ్లు. ఇప్పుడు భూలక్ష్మి వంగి మెతుకులు ఏరింది. పట్టీ మాత్రం నిగనిగ పచ్చగా ఉంది.

అఖిల పేరు ఆ తర్వాత ఇంకో రెండుసార్లు రవళి నోటిదాకా వచ్చింది. రెండుసార్లూ తల్లి ఊపిరి పీల్పించింది.

*

ఆ వాడలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరూ పెట్టింది కాదు, బతుకు పెట్టింది. కరెంటు ఉండగా ఏ ఇంట్లోనైనా సాంచాలు ఆగి, లోపల్నుంచి మాట వినపడకపోతే, పండగని ఎవరూ అనుకోరు. కిందటేడు అప్పులపాలైన రెండిళ్లలో అట్లాగే ఆగాయి, రెండిళ్ల నుంచీ శవాలే బయటికొచ్చాయి. ఎందుకు ఆగాయో ఎవరూ నోటితో అనరు. చెప్పులు కూడా తొడుక్కోకుండా ఉరుకుతారు.

ముందు పక్కింటి లచ్చవ్వ ఉరికొచ్చింది. ఆమె వెనక వాడ.

"భూలక్ష్మీ! ఓ భూలక్ష్మీ! తలుపు దియ్యే!"

పొయ్యి మీద సర్వపిండి వేస్తూనే భూలక్ష్మి లోపల్నుంచి ఆమోదిత స్థాయిలో జవాబిచ్చింది. "ఏం గాలేదత్తా." ఆ మాట తలుపు దాకా కూడా చేరలేదు.

"జవాబిస్తలేదుల్లా! రాజమల్లూ! అయ్యో, రాజమల్లూ!"

"మంచిగనే ఉన్నం," అంది భూలక్ష్మి, పట్టీ వైపు చూసుకుంటూ, ఇంకా నెమ్మదిగా.

"ఒద్దు ఒద్దు, ఇంక జూసేదేంది, గుద్దుండ్రి తలుపు!"

గుద్దారు. గడియ ఊడిపోయింది. తలుపు ఒకవైపు వాలిపోయింది. లోపల రాజమల్లు బనీనుతో కూర్చుని నోటినిండా సర్వపిండి తింటున్నాడు. ముక్క నోట్లో ఉండగానే వాడ మొత్తం ఆయన్ని తడిమి చూసింది.

దుకాణానికి పోయిన రవళి వీధి మొగలోనే జనాన్ని చూసింది. తమ ఇంటి ముందు జనం. ఆగిన సాంచాలు. చేతిలోని పాల ప్యాకెట్ ఎక్కడ పడిందో తెలియదు. "నాయినా!" అని ఆమె పెట్టిన కేక వీధి చివరిదాకా పోయింది. మనుషుల్ని తోసుకుని వచ్చి తండ్రి మీద పడింది. బతికే ఉన్నాడని తెలిశాక రెండు పిడికిళ్లతో ఆయన రొమ్ము మీద కొట్టింది.

"ఎందుకాపినవ్ సాంచాలు? ఏం దాస్తున్నరు నాకాడ? నన్ను సంపుదామనుకున్నరా? చెప్పుండ్రి! అమ్మా, నువ్వన్న జెప్పు!"

రాజమల్లు బిడ్డను పట్టుకుని ఏడ్చేశాడు. భూలక్ష్మి నోరు తెరిచింది. అరవాలి. పిచ్చిపోరీ, మాకేం గాలేదే అని వాడ అదిరేలా అరవాలి. పట్టీ చూసుకుంది. హాల్‌టికెట్ గుర్తొచ్చింది. రెండు చేతులూ జోడించి, పెదాలు కదిలీ కదలకుండా అంది.

"నీ భావోద్వేగాన్ని... గౌరవిస్తున్నాను బిడ్డా."

రవళి వెనక్కి జరిగింది. ఎవరో కొత్త మనిషి తల్లి చీర కట్టుకుని నిలబడినట్టు చూసింది.

"దీనికి గాలి సోకిందుల్లా," అని తేల్చేసి, లచ్చవ్వ వేపమండ కోసం పోయింది.

ఆ సాయంత్రం కుముదిని నుంచి భూలక్ష్మి ఫోనుకు సందేశం వచ్చింది. 'పక్కవారి కేకలను మినహాయించి చూశాం. తీవ్రమైన కవ్వింపు నడుమ మీరు చూపిన సంయమనం ప్రశంసనీయం. మీరు ఆదర్శ తల్లి.' కింద రెండు పూల బొమ్మలు.

*

మదింపు రోజు డైరెక్టర్ స్వయంగా వేదిక మీద కూర్చున్నాడు. తల్లిదండ్రులకు ఆదర్శంగా ఉండాలని ఆయనా ఒక శాంతిపట్టీ కట్టుకున్నాడు. ఆయనది బంగారు రంగు.

పద్ధతి ఇది: పిల్ల వేదికెక్కి కోపం చూపించాలి, కన్నవాళ్లు పచ్చగా ఉండాలి. ఐలయ్య కొడుకు మొదట వచ్చాడు. తండ్రి చొక్కా జేబు పట్టుకుని సర్రున చింపాడు. ఐలయ్య పళ్లు బిగపట్టి, "నీ భావోద్వేగాన్ని గౌరవిస్తున్నాను రా నాయినా" అన్నాడు. కణతల దగ్గర నరాలు తాళ్లలా లేచాయి. నరాలను కొలిచే ఏర్పాటు పట్టీలో లేదు కాబట్టి ఉత్తీర్ణుడయ్యాడు. చప్పట్లు.

తర్వాత భూలక్ష్మి, రవళి.

"రవళీ, నీ ఆగ్రహాన్ని స్వేచ్ఛగా వ్యక్తపరచు," అంది కుముదిని.

రవళి తల్లి చేతి పట్టీ వంకే చూస్తూ నిలబడింది.

"మొదలుపెట్టమ్మా."

"నాకు కోపం లేదు మేడం."

కుముదిని డైరెక్టర్ వైపు చూసింది. డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "అట్లా కుదరదు. ఆగ్రహం లేనిదే సంయమనాన్ని మదింపు చేయలేం. నియమావళి ప్రకారం నువ్వు కోపగించుకోవాలి."

"వస్తలేదు సార్."

"ప్రయత్నించు. మిగతా విద్యార్థులు సహకరించారు కదా!"

"నాకు భయమైతుంది సార్," అంది రవళి. "మా అమ్మ నోరువెట్టి ఒర్రుతలేదు. నేను పళ్లెం ఎత్తేసిన, ఒర్రలే. తలుపు ఇరిగింది, ఒర్రలే. మా ఇంట్ల ఏదో అయింది, నాకు జెప్తలేరు. నాకు హాల్‌టికెట్ ఒద్దు సార్. మా అమ్మను మునుపటి లెక్క జేసి ఇయ్యుండ్రి."

భూలక్ష్మి పచ్చలైటు వంక చూసింది, బిడ్డ వంక చూసింది. ఆ తర్వాత ఏం చూసిందో ఆమెకే తెలియదు.

"ఏం గాలేదే పిచ్చిదానా!"

హాలు కిటికీలు అదిరాయి. పట్టీ ఎర్రబడి కూత పెట్టింది.

"మీ నాయిన మంచిగున్నడు, నేను మంచిగున్న! గీ దరిద్రపు పట్టీ కోసం నోరు మూస్కున్ననే! సచ్చేటట్టయింది నాకు! అసలు నువ్వు ఆ అట్ట ఎందుకు విసిరినవే? ఎందుకు?"

రవళి భళ్లున ఏడ్చింది, ఏడుస్తూనే తల్లి స్థాయిలో జవాబిచ్చింది.

"అఖిల పడిపోయిందే! జరముండంగ పరీక్షకు గూసోవెట్టిండ్రు. నా పక్క బెంచీనే. రాస్త రాస్త కింద వడ్డది. నేను లేస్తే ఇన్‌చార్జి సార్ కూసో అన్నడు. ముందు దాని పేపర్ తీస్కోండ్రి, మార్కులు ఖరాబైతయ్ అన్నడు! అది నేలమీద ఉన్నదమ్మా, ఈళ్లు పేపర్ గుంజుతున్నరు! గందుకే విసిరిన! మల్ల దాన్ని ఇంటికి తోలి, హాజరు తక్కువైందని హాల్‌టికెట్ ఆపిండ్రు. నీకు జెప్దామని ఎన్నిసార్లు వచ్చిన? ఊపిరి వీల్చుమంటివి!"

భూలక్ష్మి బిడ్డను దగ్గరికి లాక్కుంది.

"ఇది నేటి కార్యక్రమంలో లేని అంశం," అన్నాడు డైరెక్టర్.

చినిగిన జేబుతో ఐలయ్య లేచాడు. "ఆ పోరి ఇప్పుడెట్లున్నది సార్?"

"కూర్చోండి."

"నా కొడుకు ఫోను వలగ్గొట్టిన దినం గూడ శనివారమే. ఎందుకు రా?" అని కొడుకు వైపు తిరిగాడు.

"అఖిలోళ్లింటికి ఫోన్ జెయ్యబోతే హాస్టల్ వార్డెన్ గుంజుకోబోయిండు బాపూ," అన్నాడు వాడు. "ఇయ్యబుద్ధిగాక నేలకేసి గొట్టిన."

అంతే. ఒక్కొక్కరే తమ పిల్లల వైపు తిరిగారు. ఎందుకే? ఎందుకు రా? హాలంతా అదే మాట. పిల్లలు చెప్పడం మొదలుపెట్టారు. పట్టీలు వరసగా ఎర్రబడి కూతపెట్టసాగాయి.

"సైలెన్స్! నోర్మూసుకోండి అందరూ! బయటికి గెంటిస్తాను!" అని నరహరిరావు బల్ల మీద చరిచాడు. బంగారు రంగు పట్టీ భగ్గుమని ఎర్రబడింది. అది యంత్రలోపమని కుముదిని వెంటనే ధ్రువీకరించింది.

డైరెక్టర్ తేరుకున్నాడు. తెలివైనవాడు కాబట్టి క్లర్కును పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. క్లర్కు ఒక హాల్‌టికెట్ తెచ్చి రవళి ముందు పెట్టాడు. "తీసుకుని వెళ్లండమ్మా. ప్రత్యేక సందర్భంగా పరిగణించి మిమ్మల్ని ఉత్తీర్ణులను చేశాం."

రవళి చేతులు వెనక్కి కట్టుకుంది. "అఖిలది గూడ ఇయ్యుండ్రి. దానిది ఇస్తేనే నాది దీస్కుంట."

భూలక్ష్మికి ఎదురుగా బిడ్డ ఫొటో అంటించిన కాయితం. దానికోసమే కదా సాంచాలు ఆగింది, తలుపు విరిగింది. బిడ్డ జబ్బ పట్టుకుని గుంజింది.

"నీది వచ్చింది గదనే! సప్పుడు జెయ్యక తీస్కో. ఆ పోరి సంగతి ఆళ్లమ్మ జూస్కుంటది. ఊకో, ఇంక ఊకో!"

"శభాష్!" అన్నాడు డైరెక్టర్, మొహమంతా వికసించి. "చూశారా మేడమ్? ఇదీ పోషకత్వమంటే. ఇదీ ప్రశాంతత."

ఆ మెచ్చుకోలు చెవిన పడగానే భూలక్ష్మి చెయ్యి బిడ్డ జబ్బ మీద నుంచి దానంతటదే జారిపోయింది. ఆమె నరహరిరావు మొహంలోకి చూసింది. ఫ్లెక్సీ మీద ఉన్న నవ్వే అది, ఇప్పుడు తనను చూసి నవ్వుతోంది.

పట్టీ ఊడబీకి బల్ల మీద పడేసింది. చీర కుచ్చెళ్లు దోపుకుని వేదిక మీదే, డైరెక్టర్ కుర్చీకి అడ్డంగా, బాసిపట్లు వేసుకుని కూర్చుంది. రవళి పక్కన కూర్చుంది. ఐలయ్య వచ్చి కూర్చున్నాడు. మిగతావాళ్లు కుర్చీలు జరుపుకుంటూ వేదిక వైపు వస్తున్నారు.

"రెండు దే సారూ," అంది భూలక్ష్మి. "నా బిడ్డదొకటి, ఆ బిడ్డదొకటి."

క్లర్కు డైరెక్టర్ వైపు చూశాడు, జనం వైపు చూశాడు, లోపలికి పోయాడు. రెండో హాల్‌టికెట్ బయటికి వచ్చేదాకా ఆ హాల్లో ఎవరూ గొంతు తగ్గించలేదు.